పురమును చదువు విద్య

పదమూడు, పదునాలుగేండ్ల పిల్లలకు తాము నివసించు నగరమును గూర్చి ఏమి బోధింపవలెను? జనసంఖ్య యెంత, పురపాలక సంఘము ఎప్పుడు ఏర్పడినది, చూడదగిన కట్టడములు ఏవి - ఇంతవరకు చెప్పుటకు ఏ ఉపాధ్యాయుడును సంకోచింపడు. కాని ఈ నగరము ఇదే తీరున పెరుగుచు పోయినచో ఏబది యేండ్ల తరువాత త్రాగునీరు ఎక్కడనుండి వచ్చును, దీని మురుగు ఎవరి పొలములలోనికి పోవుచున్నది, పెద్దవాన కురిసిన నాడు మొట్టమొదట మునుగునది ఎవరి యిల్లు అని ఏ బాలికయో లేచి అడిగినచో, తరగతిలో కొంతసేపు నిశ్శబ్దము తప్పదు. అట్టి ప్రశ్నలు వేయుట పిల్లలకు నేర్పవలెనా, లేక పెద్దలు సిద్ధపరచిన సమాధానములను వారిచే వల్లె వేయింపవలెనా అను వివాదము నిన్న నేడు పుట్టినది కాదు. దానికి నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు. మా శ్రోతలలో ఉన్నత పాఠశాలకు పోవు పిల్లల తల్లిదండ్రులు పెక్కురు కలరు గనుక, ఆ చరిత్రలోని కొన్ని ఘట్టములను ఇచట వివరింప దలచితిమి.

ఈ విషయమునకు నేడు ‘నగర సుస్థిరత’ యని పేరు. 1987లో బ్రంట్లాండు సంఘము ప్రకటించిన నివేదిక తరువాత సుస్థిరాభివృద్ధి యను మాట దేశదేశముల వ్యాపించినది. రాబోవు తరములవారి అవసరములకు భంగము కలుగకుండ నేటివారు తమ అవసరములను తీర్చుకొనుట యని దాని తాత్పర్యము. మాట క్రొత్తదే గాని చింత మాత్రము చాల పాతది.

నగరమును పాఠ్యవిషయముగా తరగతి గదిలోనికి పెద్దయెత్తున తెచ్చిన కీర్తి అమెరికాలోని చికాగో నగరమునకు దక్కినది. 1871 అక్టోబరులో ఆ నగరము మహాగ్నికి ఆహుతి యయ్యెను. ఇరువది రెండేండ్లు తిరుగక మునుపే అచట ప్రపంచ ప్రదర్శనము జరుపగల స్థితికి అది మరల లేచి నిలిచెను. 1909లో డేనియల్ బర్న్‌హాం, ఎడ్వర్డ్ బెన్నెట్ అను వాస్తుశిల్పులు ఆ నగరమునకు ఒక బృహత్ప్రణాళికను రచించిరి. అచటి వర్తక ప్రముఖుల సంఘము దానిని సుందరమైన వర్ణచిత్రములతో అచ్చొత్తించెను. సరోవర తీరమంతయు ఉద్యానములు, విశాలమైన రాజవీథులు, నగర మధ్యమున గొప్ప గోపురముతో కూడిన పురమందిరము - చూచినవారికి కన్ను చెదరునట్టి గ్రంథము. అయితే అచ్చయిన ప్రతులు 1,650 మాత్రమే. ఆ పనులకు కావలసిన ఋణములను మంజూరు చేయవలసినది పౌరుల వోట్లు. వోటరులలో నూటికి ఒకడైనను ఆ గ్రంథమును కన్నులజూచి యుండడు.

ప్రణాళికా సంఘాధ్యక్షుడు చార్లెస్ వాకర్ సారా వ్యాపారి. బీరు బట్టీల యజమాని. సంఘ కార్యనిర్వాహకుడు వాల్టర్ మూడీ ప్రచార కార్యములో ఆరితేరినవాడు. మూడీ 1911లో ‘వాకర్స్ మాన్యువల్’ అను పేర ఒక పాఠ్యపుస్తకమును వ్రాసెను. అది చికాగో పాఠశాలలలో ఎనిమిదవ తరగతి పిల్లల చేతికి వచ్చెను. ఎనిమిదవ తరగతినే ఏల ఎన్నుకొనిరి? ఆ దినములలో పెక్కుమంది పిల్లల చదువు అంతటితో ముగియుచుండెను. పైగా పిల్లవాడు బడిలో విన్నది ఇంట చెప్పును. ఇంట వినువారు వోటరులు. కొలది యేండ్లకు పిల్లవాడును వోటరే యగును. ఇంతటి దూరాలోచన! ఆ తరువాతి యేండ్లలో ప్రణాళికకు సంబంధించిన ఋణప్రతిపాదనలను చికాగో పౌరులు పలుమారులు ఆమోదించిరి. పాఠ్యపుస్తక ప్రభావము అందులో ఎంత యని తూచి చెప్పుట సాధ్యము కాదు గాని, ఒక నగరము తన్ను గూర్చి తన పిల్లలకు పాఠము చెప్పుకొనుట అదివరకు ఇంత నియమముగా జరుగలేదని మా అభిప్రాయము.

ఆ పుస్తకమును మేము తేలికగా త్రోసిపుచ్చము. రహదారి, రైలుమార్గము, రేవు, తోట - ఇవన్నియు ఒకదానితో నొకటి ముడివడి యున్నవని అది పిల్లలకు చూపినది. కాని దాని ఉద్దేశము ప్రణాళికను సమర్థించుట; పరీక్షించుట కాదు. పేదల యిండ్ల సంగతి ఆ మహాప్రణాళికలో స్వల్పముగా మాత్రమే కలదని తరువాతి విమర్శకులు పలుమారులు చెప్పిరి. ఒక్క వీథిని వెడల్పు చేసినచో అచటి కాపురములు ఎక్కడికి పోవలెనని ఎనిమిదవ తరగతి బాలుడు అడుగుటకు ఆ పుస్తకము ప్రోత్సాహము కలిగింపలేదు. ప్రచారమునకును విద్యకును గల భేదము ఇచటనే యున్నది.

చికాగో చరిత్రలోనే అట్టి ప్రశ్నకు తగిన ఘట్టము ఒకటి కలదు. ఆ నగరపు మురుగు నదిద్వారా మిషిగన్ సరోవరములో కలియుచుండెను. త్రాగునీరును ఆ సరోవరమునుండియే. అందుచే గొప్ప కాలువ నొకదానిని త్రవ్వి, 1900లో నది ప్రవాహమునే వెనుకకు మరలించిరి. సరోవరమునకు పోవు నీరు వెనుదిరిగి ఇల్లినాయి నదిద్వారా మిసిసిపీలోనికి పోసాగెను. చికాగోకు రోగభయము తగ్గినది. దిగువనున్న సెయింట్ లూయీ నగరవాసులు మాత్రము, మీ మురుగు మా త్రాగునీటిలోనికా యని గగ్గోలు పెట్టిరి. మిస్సోరీ రాష్ట్రము సర్వోన్నత న్యాయస్థానమున దావా వేసెను. హాని చాలినంతగా రుజువు కాలేదని 1906లో న్యాయస్థానము ఆ దావాను కొట్టివేసెను. ఈ కాలువ యంత్రనైపుణ్యమును వర్ణించి, పిల్లలచేత మెచ్చుకొనజేయుట ఒక పాఠము. తరగతిని రెండుగా విభజించి, ఒక సగమును చికాగో పక్షమునను వేరొక సగమును సెయింట్ లూయీ పక్షమునను వాదింపజేయుట వేరొక పాఠము. రెండవదానిలో ఉపాధ్యాయునికి గూడ చివర ఏమి తేలునో ముందుగా తెలియదు. మేము విమర్శనాదృష్టి యనునది దీనినే.

ఈ రెండవ మార్గమునకు ఆదిగురువు స్కాట్లండు దేశీయుడైన పాట్రిక్ గెడ్డెస్. 1854లో జన్మించి 1932లో మరణించిన ఈ పండితుడు మొదట జీవశాస్త్రజ్ఞుడు. మొక్కను దాని నేలనుండి, నీటినుండి వేరుచేసి తెలిసికొనజాలనట్లే మనిషిని అతని ఊరినుండి వేరుచేసి తెలిసికొనలేమని ఆయన విశ్వాసము. ఎడింబరో నగరములో పాత పట్టణమందలి ఇరుకు మేడలలో పేదల నడుమ భార్యాసమేతుడై కాపురము పెట్టి, చీపురుతోను సున్నపు కుంచెతోను తన నగర సంస్కరణమును ఆరంభించెను. 1892లో కోట సమీపమునగల పాత బురుజు నొకదానిని సంపాదించి దానిని విద్యాశాలగా మార్చెను.

ఆ బురుజును గూర్చి ఒకింత విస్తరించి చెప్పవలసి యున్నది. దాని శిఖరమున చీకటిగది యొకటి. పైన అమర్చిన అద్దమును, కటకమును ఎడింబరో వీథులను, పొగగొట్టములను, నడచిపోవు మనుష్యులను లోపలి తెల్లని బల్లమీద కదలు చిత్రముగా చూపును. వచ్చినవారు ముందుగా శిఖరమున కెక్కి ఆ బల్లచుట్టు నిలిచెదరు. తరువాత ఒక్కొక్క అంతస్తు దిగుచు రావలెను. ఒకటి ఎడింబరో నగరమునకు, దాని క్రింద స్కాట్లండుకు, ఆ క్రింద ఆంగ్లభాషా దేశములకు, తరువాత ఐరోపాకు, అన్నింటికంటె క్రింద ప్రపంచమునకు కేటాయింపబడినవి. మన పాఠ్యపుస్తకములు సాధారణముగా భూగోళముతో ఆరంభించి, వ్యవధి మిగిలినచో ఊరిదాక వచ్చును. గెడ్డెస్ ఊరితో ఆరంభించి భూగోళమును చేరెను. వివరమైన పరిశీలన ముందు, ప్రణాళిక తరువాత - ఇది ఆయన జీవితమంతయు చాటిన సూత్రము. పాత పట్టణములోని పాడుపడిన ఖాళీ జాగాలను లెక్కించి, పిల్లలతో గూడి వానిని తోటలుగా మార్చు ప్రయత్నములను గూడ ఆయన బృందము చేసినది.

గెడ్డెస్ కథ మన ప్రాంతమును గూడ తాకినది. 1914లో మదరాసు గవర్నరు పెంట్లండు ప్రభువు ఆహ్వానముపై ఆయన మన దేశమునకు బయలుదేరెను. ఆయన వెంట రావలసినది లోకమందలి నగరముల పటములతో, చిత్రములతో కూర్చిన ప్రదర్శనము. అది వేరొక ఓడలో వచ్చుచుండెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రి మదరాసుమీద గుండ్లు కురిపించిన జర్మను యుద్ధనౌక ‘ఎండెన్’ పేరు మన పెద్దలు మరచియుండరు. ఆ నౌకయే ఈ ఓడను గూడ సముద్రములో ముంచివేసెను. ఏండ్లతరబడి కూర్చిన సామగ్రి యంతయు జలసమాధి! బ్రిటనులోని మిత్రులు త్వరత్వరగా వేరొక ప్రదర్శనమును సమకూర్చి పంపగా, 1915 ఆరంభమున అది మదరాసులో జరిగెను. నాటి తెలుగు జిల్లాలలో పెక్కింటికి అదియే రాజధాని.

తరువాత గెడ్డెస్ మన దేశపు పట్టణములను కాలినడకను తిరిగెను. ఇరుకు వీథులను నిట్టనిలువుగా కోసి తిన్నని రోడ్లు వేయదలచిన ఇంజనీర్లతో ఆయనకు తరచు వివాదము వచ్చుచుండెను. ఎక్కువ యిండ్లు కూలకుండ, అచట ఒక పాడుగోడ తొలగించి, ఇచట ఒక బావి బాగుచేసి, ఒక చెట్టు నాటి, స్వల్పవ్యయముతో వీథిని బ్రతికింపవచ్చునని ఆయన వాదము. 1918లో ఇండోరు సంస్థానమునకు ఇచ్చిన నివేదిక ఆయన రచనలలో ప్రసిద్ధమైనది. ఆ ఊరిలో ప్లేగును పారద్రోలుటకు దీపావళినాడు గొప్ప ఊరేగింపు నొకదానిని జరిపించి, ఇండ్లు వాకిళ్లు చక్కగా శుభ్రము చేసికొన్న వీథుల మీదుగా దానిని నడిపించెనని ఆయన జీవితచరిత్రకారులు వ్రాయుచున్నారు. మా వీథికి ఊరేగింపు రాకపోవుట యేమి యని ప్రజలు పోటీపడి చీపుర్లు పట్టిరట. 1919లో ఆయన బొంబాయి విశ్వవిద్యాలయమున సమాజశాస్త్ర, పౌరశాస్త్రముల ఆచార్యుడయ్యెను.

ఇంతటివాడును బడులలో స్థిరపడలేదు. ఆయన ఉపన్యాసము వాగ్ధోరణిలో పడి కొట్టుకొనిపోవును; రచన చదువరిని శ్రమపెట్టును. ఉపాధ్యాయులకు కావలసినది సోమవారము ఉదయము పదిగంటలకు తరగతిలో ఏమి చేయవలెనను సంగతి. దానిని చెప్పినవాడు అర్ధశతాబ్ది తరువాత ఇంగ్లండులో వచ్చెను.

1960 ప్రాంతమున ఇంగ్లండులో పాత పేటలను పడగొట్టి ఎత్తైన మేడలు కట్టు ఉద్యమము ముమ్మరముగా సాగుచుండెను. 1968 మే నెలలో లండనులో ‘రోనన్ పాయింట్’ అను క్రొత్త మేడ యొక మూల వాయువు ప్రేలుడువలన పైనుండి క్రిందిదాక కూలి నలుగురు మరణించిరి. మరుసటి యేడు స్కెఫింగ్టన్ సంఘము, నగర ప్రణాళికలు వేయునప్పుడు ప్రజల అభిప్రాయము తీసికొనవలెననియు, ఈ విషయము బడి చదువులో గూడ భాగము కావలెననియు సిఫారసు చేసినది. 1971లో కాలిన్ వార్డ్ అను విద్యావేత్త అచటి నగర గ్రామ ప్రణాళికా సమాజమున విద్యాధికారియై, ఉపాధ్యాయుల కొరకు ఒక పత్రికను నడిపెను. 1973లో ఆంథొనీ ఫైసన్‌తో కలిసి ‘స్ట్రీట్‌వర్క్’ అను గ్రంథమును వెలువరించెను. బడి నాలుగు గోడలు దాటి వీథిలోనికి రావలెనని దాని సారాంశము.

వార్డ్ చెప్పినదానిలో మాకు ముఖ్యముగా తోచినది ఒకటి. వీథిలోనికి తీసికొనిపోయి, ఇది పాత చర్చి, ఇది పాత వంతెన అని చూపుట చాలదు. అది విహారయాత్ర యగును. ఏదో ఒక వివాదమును చేతబట్టుకొని బయలుదేరవలెను. ఈ ఆటస్థలములో దుకాణములు కట్టవలెనని ఎవరు నిర్ణయించిరి? ఎవరికి లాభము? ఆడుకొను పిల్లలను ఎవరైన అడిగిరా? వార్డ్ ప్రభుత్వాధికారమును ఒప్పుకొనని సిద్ధాంతవాది. ఆ సిద్ధాంతముతో మాకు ఏకీభావము లేదు. అయినను ప్రశ్నించు విధమును ఎవనివద్ద నేర్చుకొన్నను నష్టము లేదు గదా!

మన దేశమున ఎమ్.సి. మెహతా వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణ విద్యను అన్ని తరగతులలో నిర్బంధ విషయముగా చేయవలెనని ఆదేశించెను. ఆదేశము ఉత్తమము. ఫలితము మిశ్రమము. పర్యావరణమును రక్షించు మార్గములు అయిదు వ్రాయుము అను ప్రశ్నకు నూరు పాఠశాలలలో పిల్లలు ఒకే అయిదు మార్గములను ఒకే వరుసలో వ్రాయుదురు. మార్కులు వచ్చును, బడి వెనుకనున్న కాలువ ఎక్కడికి పోవునో తెలియదు.

తెలుగు ఉపాధ్యాయునికి ఇంతకంటె దగ్గరి పాఠములు లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వరదనే తీసికొనుడు. శంషాబాదున ఒక్క దినములో పండ్రెండు అంగుళములకు పైగా వాన కురిసెను. హైదరాబాదులో కోల్సావాడి వంటి తీర ప్రాంతములు తుడిచిపెట్టుకొని పోయెను. మృతులు సుమారు 15,000 అని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును ఎక్కి సుమారు 150 మంది బ్రతికిరని ప్రతీతి. 1909లో నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మొదట చేసినది లెక్కించుట. నగరమునకు ఎగువన సుమారు 860 చదరపు మైళ్ల పరీవాహక భూమిలో 788 చెరువులు కలవనియు, అందు 221 చెరువులు తెగినవనియు ఆయన తేల్చెను. చదరపు మైలుకు దాదాపు ఒక చెరువు!

ఇచట తరగతి ఆగవలెను. ఆ చెరువులు నగరమును ముంచినవా, లేక అంతవరకు కాపాడుచు వచ్చినవా? ఒక చెరువు తెగినచో దాని నీరు దిగువ చెరువును తెంపును. కావున చెరువులు లేకున్నచో మేలా? అయినచో ఏటేటి వాన ఎక్కడ నిలుచును? తెగని చెరువులు వేరేమి చేసినవి? పదునాలుగేండ్ల పిల్లలు దీనిమీద ఒక గంట వాదింపగలరు. విశ్వేశ్వరయ్యగారి సమాధానము మూసీ మీదను, దాని ఉపనది యగు ఈసీ మీదను రెండు పెద్ద జలాశయములు. ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తి యయ్యెను. వరదను ఆపుటయు, త్రాగునీరు ఇచ్చుటయు వాని రెండు పనులు.

తరువాతి కథయు పాఠమునకు కావలసినదే. ఆ రెండు జలాశయముల రక్షణకై 1996 మార్చిలో 111వ నంబరు ప్రభుత్వోత్తరువు వెలువడి, పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములలో కట్టడములపై ఆంక్షలు విధించెను. నగరము కృష్ణా, గోదావరుల నీరు తెచ్చుకొన్న పిదప, ఈ ఆంక్షలు ఇక నెందులకని ఆ గ్రామస్థులు అడుగసాగిరి. 2022 ఏప్రిలులో ఆంక్షలను ఎత్తివేయుచు 69వ నంబరు ఉత్తరువు వచ్చెను. ఈలోగా 2020 అక్టోబరులో కుండపోత వానలకు పల్లెచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి హైదరాబాదు పాతబస్తీ ప్రాంతములు మునిగినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగరు వాసులు దినములతరబడి నీటిలో చిక్కుకొనిరి. ఆ 84 గ్రామములలో ఒకదానినుండి వచ్చిన విద్యార్థి, మా నాన్న తన భూమిని పొరుగు మండలపు ధరకు అమ్ముకొనకూడదా యని అడిగినచో, నగరపు విద్యార్థి ఊరక తప్పించుకొనరాదు. నగరము తన రక్షణకు వెల చెల్లింపవలెనా? ఎవరికి, ఎంత? ఉపాధ్యాయుడు ఇచట తన మతము చెప్పక ఓపిక పట్టవలెను. అది కష్టమే.

చెరువుల మాట వచ్చినది గనుక ఒక్క శాసనమును పేర్కొనక ఉండలేము. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును 1369 ప్రాంతమున బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించెను. దినమునకు వేయిమంది పనివారు, నూరు బండ్లతో రెండేండ్లు పని సాగినదని అచటి సంస్కృత శాసనము చెప్పుచున్నది. రాజుల శాసనములు సాధారణముగా స్తుతులు. ఇదియు స్తుతియే, గాని దానితోపాటు మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, చెరువునకు తగులగల ఆరు దోషములను గూడ రాతిమీద చెక్కించినది. కట్టనుండి నీరు ఊరిపోవుట, చవుటినేల, చెరువు నడుమ మెరక, నీరు కొంచెమై పారవలసిన నేల విస్తారమగుట, నేల కొంచెమై నీరు మిక్కుటమగుట. ఈ అయిదును ఏ బడిపిల్లలైనను తమ యూరి చెరువుకట్టమీద నిలిచి, పుస్తకము తెరువక పరీక్షింపగలరు. మూడవదిగా చెప్పిన దోషమునకు మాత్రము కట్టమీద నిలిచిన చాలదు. ఎగువ ఊరికిని దిగువ ఊరికిని గూడ పోయి అడుగవలెను. ఆ దోషము, చెరువు రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట. చికాగోకును సెయింట్ లూయీకిని వచ్చిన వివాదము అదియే.